నెల్లూరు నుంచి కంభం దాకా హైవే ఎక్కకుండా: నాలుగు రోజులు చాలవు

మీరు అడిగింది ఇదీ: "భార్యాభర్తలం ఇద్దరమే. నెల్లూరులో బయల్దేరి, హైవే ఎక్కకుండా, చుట్టాలనీ పాత స్నేహితులనీ పలకరించుకుంటూ కంభం దాకా పోయి రావాలని ఉంది. చిన్న కారు. నాలుగు రోజులు సరిపోతాయా?"

సరిపోవు. మేము ఎనిమిది రోజులు తిరిగాం. అప్పటికీ మార్కాపురంలో ఒక ఇల్లు ఎగ్గొట్టామని ఇవాళ్టికీ మాట పడుతూనే ఉన్నాం.

మాది నెల్లూరు. నేను బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను, మా ఆయన నాకంటే రెండేళ్ళ ముందే. 2023 జనవరి ఆఖర్లో ఓ ఆదివారం పొద్దున్నే మా పాత ఆల్టోలో బయల్దేరాం. తిరిగొచ్చాక చూస్తే 640 కిలోమీటర్లు తేలింది, అంటే రోజుకి 80. మా ఆయన కూడా మీలాగే కిలోమీటర్ల లెక్క వేసి "మూడు రోజుల పనే" అన్నాడు. ఈ ప్రయాణానికి ఆ లెక్క పనికిరాదు, పూటల లెక్క వేసుకోవాలి. ఏ ఇంట్లోనూ కాఫీతో వదలరు. కాఫీ అయ్యాక టిఫిను, టిఫినయ్యాక "వంటయిపోయింది, రెండు ముద్దలు తినిపోండి", తిన్నాక "ఈ ఎండలో యాడికి పోతారు, కాసేపు నడుం వాల్చండి", లేచేసరికి మళ్ళీ కాఫీ. ఇంటికొక పూట, రాత్రి పడుకునే ఇంటికి రెండు పూటలు వేసుకోండి. ఇంతకన్నా తగ్గదు.

వస్తున్నట్టు ముందుగా చెప్పాలి, కానీ టైము చెప్పకూడదు. ఇది పొదిలిలో నేర్చుకున్నాం. అక్కడ మా ఆయన మేనత్త ఉంది. "రేపు మధ్యాహ్నానికి వస్తాం అత్తా" అని ఫోన్లో చెప్పాడు. తీరా కనిగిరిలో ఆయన స్నేహితుడు కదలనివ్వక, పొదిలి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఇంట్లో ఒక్కరూ అన్నం తినలేదు. ఎనభై దాటిన మనిషి, షుగరు. మాత్ర మింగి రెండు బిస్కెట్లు తిని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోనుంది. "అబ్బయ్య వస్తానన్నాక నేనెట్టా తింటానమ్మాయ్" అంది నాతో, కోపమన్నా లేకుండా. మా ఆయన ఆ పూట తలెత్తి తినలేదు. అప్పట్నుంచి "రేపు వస్తాం, రాత్రికి ఉంటాం" అని మాత్రమే చెప్పాం.

దారి చెబుతాను. వెళ్ళేటప్పుడు జొన్నవాడ అమ్మవారికి దండం పెట్టుకుని బుచ్చి (బుచ్చిరెడ్డిపాళెం), సంగం మీదుగా ఆత్మకూరు. సంగం దగ్గర పెన్నా మీద 2022లో కొత్త బ్యారేజీ తెరిచారు, ఓ పది నిమిషాలు ఆగి చూడండి. ఆ రాత్రి ఆత్మకూరులో మా ఆడబిడ్డ ఇంట్లో. మర్నాడు సోమశిల జలాశయం చూసి, మర్రిపాడు మీదుగా ఉదయగిరి. కోట ఎక్కుదామని మా ఆయన సరదా పడ్డాడు. గజపతుల దగ్గర్నుంచి దీన్ని పట్టుకోవడానికి కృష్ణదేవరాయలకే ఏడాదిన్నర పట్టింది, 1514లోగానీ చిక్కలేదు. మా మోకాళ్ళు కింద నుంచే సెలవు తీసుకున్నాయి. దాని బదులు ఊళ్ళో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళ దగ్గర గంట కూర్చున్నాం. గరిటె ఒంపు తిరిగేచోట మనిషి కాలి బొటనవేలితో చెక్కని అదిమిపట్టి రెండు చేతులా ఆకురాయి లాగుతుంటే చూస్తూ ఉండిపోయాను. అరడజను కొన్నాను. దోసెపిండి కలపడానికి ఇప్పటికీ అదే గరిటె.

మూడో రోజు పామూరు, సి.ఎస్.పురం మీదుగా భైరవకోన. కొండని తొలిచిన ఎనిమిది శివాలయాలు వరసగా ఉంటాయి, పక్కనే జలపాతం. మాకు నీళ్ళు సన్నగా జారుతున్నాయి. నిండుగా చూడాలంటే వానలయ్యాక కార్తీకంలో వెళ్ళాలి. అక్కడ ఫోన్ సిగ్నల్ పోయింది, సంగతి ఇంట్లో ముందే చెప్పి వెళ్ళండి. మేము చేసిన తప్పు, పొద్దు గూకేదాకా అక్కడే ఉండటం.

ఆ నెలల్లో కందులు కోస్తారు. కళ్ళాలు ఎవరికున్నాయి ఇప్పుడు? కందికట్టె తెచ్చి సగం తారురోడ్డు మీదే పరుస్తారు, బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని. చుట్టూ తలకాయంత రాళ్ళు పేరుస్తారు. పగలైతే కనబడతాయి. కనిగిరి ఇంకా పాతిక కిలోమీటర్లుందనగా ఎదురుగా ట్రాక్టరు లైటు కళ్ళలో పడి, మా ఆయన పక్కకి కోసేసరికి ముందు టైరు రాయినెక్కి చీలిపోయింది. స్టెప్నీ దించితే అందులో గాలి లేదు. బయల్దేరే ముందు చూశానని నాతో చెప్పిన మనిషి, చీకట్లో నావైపు చూడకుండా నిలబడ్డాడు.

రోడ్డు పక్కన కొంచెం లోపలికి పొగాకు బ్యారన్ పొయ్యి వెలుగుతోంది. అక్కడి పెద్దాయన కొడుకు స్టెప్నీని మోటారుసైకిలు మీద వేసుకుని గాలి పట్టించుకు రావడానికి వెళ్ళాడు. నన్ను పొయ్యి పక్కన మంచం మీద కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళూ దూరం నుంచి చూడటమేగానీ బ్యారన్ దగ్గర కూర్చున్నది లేదు. పొడుగాటి ఇటుక గది. లోపల పచ్చాకు కర్రలకి కట్టి అటకలు అటకలుగా వేలాడదీస్తారు. పొయ్యిలోంచి రేకు గొట్టాలు నేల వెంబడి తిరుగుతాయి. పొగ ఆకుకి తగలదు, సెగే తగులుతుంది. మొదట చిన్న సెగ మీద ఆకు పసుపు పచ్చగా పండాలట, తర్వాత పెంచుకుంటూ పోవాలి. ఆఖర్న ఈనె ఆరుతుంది. ఐదారు రోజుల పని. ఆ పెద్దాయన మాతో మాట్లాడుతూనే లేచి, టార్చి వేసి, చిన్న అద్దం లోంచి థర్మామీటరు చూసి, ఒక జామాయిల్ మొద్దు పొయ్యిలోకి తోసి వచ్చేవాడు. "సెగ తప్పితే రంగు పోద్దమ్మా. రంగు పోతే వేలంలో ఎవురూ తిరిగి చూడరు." బూడిదలో కాల్చిన గెణుసుగడ్డలు పెట్టాడు. డబ్బులిస్తే ఒళ్ళుమండింది ఆయనకి. కనిగిరి చేరేసరికి రాత్రి పదిన్నర. కాబట్టి ఆరు దాటాక బండి తీయొద్దు.

కనిగిరి వైపు వెళ్తే తాగేనీళ్ళు మీరే పట్టుకెళ్ళండి. అక్కడ బోరునీళ్ళలో ఫ్లోరైడు, తాగేది కొనుక్కున్న క్యాను నీళ్ళు. చుట్టాలమని చెప్పి వాళ్ళ క్యాను ఖాళీ చేయడం బాగుండదు. చేతిలోకి నేను నెల్లూరు మలైకాజా ఏడు డబ్బాలు తీసుకెళ్ళాను. నాలుగిళ్ళలో షుగరు! మీరు పండ్లు తీసుకెళ్ళండి.

కంభంలో నాతో ట్రైనింగ్ చేసిన స్నేహితురాలు ఉంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత చూడటం. సాయంత్రం చెరువు కట్ట మీదికి నడిచాం. రెండు కొండల సందున గుండ్లకమ్మకి అడ్డంగా విజయనగరం కాలంలో కట్టింది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చారు. మేము మాత్రం చెరువుని పెద్దగా చూసిందేమీ లేదు. హాస్టల్లో దొంగతనంగా ఉప్మా వండుకున్న సంగతులు చెప్పుకుంటూ చీకటి పడేదాకా నడిచాం. మా ఆయన వెనక తన చెప్పులు తను చూసుకుంటూ వచ్చాడు.

తిరుగుదారి పొదిలి మీదుగా కందుకూరు. అక్కడి మా బావ "మమ్మల్ని 2022లో మీ జిల్లాలో కలిపారు కదా, ఇక చుట్టరికం ఎక్కువైంది, రెండు రోజులుండాల్సిందే" అన్నాడు. మాలకొండ నరసింహస్వామిని చూడాలంటే శనివారమే వెళ్ళాలి, మిగతా రోజుల్లో గుడి తెరవరు. శనివారమైతే రోడ్డంతా జనమే. పొద్దున ఐదింటికే బయల్దేరండి.

చివరిగా, ఇళ్ళ జాబితా రాసేటప్పుడు మీ ఆవిడ వైపు వాళ్ళని అడుగున పెట్టొద్దు. మా ఆయన అట్లాగే పెట్టాడు. ఏడో రోజు సాయంత్రం ఉలవపాడులో మా చిన్నాన్న ఇంటికి చేరాం. ఆయన సపోటా తోటలోంచి బుట్ట దింపించి, కాళ్ళు కడుక్కోను నీళ్ళు పెట్టించి, ఎదురుగా కూర్చుని "చెప్పండి అల్లుడుగారూ" అన్నాడు. అల్లుడుగారు కుర్చీలోనే నోరు తెరిచి గురక పెడుతున్నాడు. చిన్నాన్న లోపలికెళ్ళి దుప్పటి తెచ్చి కప్పాడు. "మీ అత్తగారి వైపోళ్ళు బాగా మాట్లాడించినట్టుండారే" అన్నాడు నాతో, మెల్లగా.