తండ్రి దున్న సూదే కూతురికీనా?

ప్రశ్న: మా ముర్రా గేదెకు పుట్టిన పడ్డ ఎదకొచ్చింది. తల్లికి వేయించిన దున్న సూదే (చూడి కట్టించడానికి ఎక్కించే దున్న వీర్యం) దీనికీ వేయిస్తే పాలు పెరుగుతాయని పక్కింటాయన అంటున్నాడు, నిజమేనా?
– ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: వద్దండీ బాబూ, ఆ దున్నే దీని తండ్రి! అలా పుట్టే దూడకు దాదాపు నాలుగో వంతు జన్యువులు రెండు వైపుల నుంచీ ఒకే నకలుగా వచ్చేస్తాయి, దాంతో దాగున్న లోపాలు బయటపడొచ్చు, చూడి కట్టడం ఆలస్యం కావొచ్చు, పాలూ తగ్గొచ్చు. వీర్యం నింపిన సన్నటి గొట్టం (స్ట్రా) మీద దున్న నంబరు ఉంటుంది, క్యాలెండరు మీద రాసుకోండి (మా ఇంట్లో రికార్డు అదే). 2024లో వచ్చిన మహిష్‌చిప్ అనే గేదెల జన్యు పరీక్ష చిప్‌తో దున్నల జన్యువులను దూడ వయసులోనే చదివి మంచివి ఎంచుకోవచ్చు, కూతుళ్లు పాలిచ్చేదాకా ఆగక్కర్లేదు. మీకు ముర్రాయే కావాలంటే వేరే నంబరు దున్నది అడగండి.