కొండదారి – మీ ప్రశ్నలు: రాత్రి గడ్డకట్టిందా?

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు పక్కన చిన్న పల్లె. నిరుడు పర్వతారోహణ బేసిక్ కోర్సు పూర్తి చేశాను. ఈ మే చివరి వారంలో నలుగురు స్నేహితులం మనాలి వెళ్తున్నాం. ఫ్రెండ్‌షిప్ పీక్ ఎక్కాక ఆ చుట్టుపక్కలే ఉన్న ఒక మంచు గల్లీ (రాతి గోడల మధ్య మంచు నిండిన వాలు సందు) కూడా ఎక్కాలని ప్లాన్. తూర్పు ముఖంగా ఉంది, అడుగు నుంచి కొస దాకా 500 మీటర్లు. మేలో మంచు బాగా సర్దుకుని ఉంటుంది, భయం లేదని ఒకరు చెబుతున్నారు. మేలోనే ప్రమాదం ఎక్కువని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? వారానికి రెండుసార్లు శ్రీవారి మెట్టు 45 నిమిషాల్లో ఎక్కుతున్నాను. ఆ ఫిట్‌నెస్ చాలుతుందా?
– ఒక యువకుడు, చిత్తూరు

జవాబు: తమ్ముడూ, ఇద్దరూ నిజమే చెప్పారు. మొదటాయన తెల్లవారుజాము మూడు గంటలప్పటి గల్లీ గురించి చెప్పారు. రెండో ఆయన ఉదయం పది గంటలప్పటి గల్లీ గురించి చెప్పారు. మేలో ఆ రెండూ ఒకే చోటు కాదు.

మన భాషలో ఒక చిక్కుంది. డిసెంబరులో పొద్దున్నే స్కూటర్ సీటు మీద తడిగా కనిపించేదీ మంచే. తిరుమల ఘాట్ రోడ్డును కమ్మేదీ మంచే. ఫ్రీజర్‌లో పేరుకునేదీ, హిమాలయాల్లో కురిసేదీ మంచే. అక్కడికి వెళ్లాక ఈ ఒక్క మాట సరిపోదు. చలికాలంలో కురిసిన పొడి మంచు బియ్యప్పిండిలా ఉంటుంది. వసంతం చివర్లో అది పగలు కరుగుతుంది, రాత్రి గట్టిపడుతుంది. రోజూ ఇలాగే జరిగి జరిగి గింజ కడుతుంది. చేతిలోకి తీసుకుంటే కల్లుప్పులా గరగరమంటుంది. రాత్రి ఆ గింజలన్నీ అతుక్కుని గడ్డకడితే దాని మీద సిమెంటు మెట్టు ఎక్కినట్టు ఎక్కవచ్చు. ఎండెక్కాక గింజల మధ్య నీరు చేరుతుంది, పట్టు వదులుతుంది, వాలు మీద ఉన్నదంతా కిందికి రావడానికి సిద్ధంగా ఉంటుంది. అందుకే తారీఖు చూసి "మేలో మంచు బాగుంటుందా" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. అడగాల్సింది ఒకటే: గడిచిన రాత్రి గడ్డకట్టిందా, లేదా?

దీనికి మళ్లీ ఆ స్కూటర్ సీటు దగ్గరికే వస్తాను. ఆకాశం తేటగా, నక్షత్రాలు కనిపిస్తున్న రాత్రి సీటు తడుస్తుంది. మబ్బు పట్టిన రాత్రి పొడిగా ఉంటుంది. తేట రాత్రి సీటు తన వేడినంతా ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. మబ్బుంటే ఆ వేడి తిరిగి కిందికే వస్తుంది. కొండమీద మంచు కూడా అంతే. మనాలి 2,050 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. మనాలిలో రాత్రి 12 డిగ్రీలుంటే, 4,000 మీటర్ల దగ్గర దాదాపు సున్నా. సరిగ్గా ఆ సున్నా దగ్గరే ఆకాశం తీర్పు చెబుతుంది. నక్షత్రాలుంటే మంచు పైపొర గాలికంటే కొన్ని డిగ్రీలు కిందికి దిగి గట్టిపడుతుంది. గాలి సున్నాకి కాస్త పైన ఉన్నా గట్టిపడుతుంది. మబ్బుంటే గల్లీ కింది భాగం తెల్లారేదాకా అంబలిలానే ఉంటుంది. కాబట్టి ముందు రోజు సాయంత్రం నుంచే ఆకాశం చూడండి. రాత్రి పదింటికి ఒకసారి, లేచాక ఒకసారి టెంట్ జిప్ తీసి తల బయట పెట్టండి.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. 1998లో ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేశాను. ఇవన్నీ అక్కడే నేర్పారు, నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. అయిదేళ్ల తర్వాత గంగోత్రి వైపు ఒక గల్లీకి అయిదుగురం సొంతంగా వెళ్లాం. సాయంత్రం మబ్బు పట్టింది. రాత్రి ఒంటిగంటకి లేచి బూట్లు తొడుక్కుంటుంటే చేతులకి చలి వేయలేదు. గ్లవ్స్ లేకుండానే తాడు సర్దాను. చలి తక్కువగా ఉందని సంతోషించాను. అప్పుడే తెలుసుకోవాల్సింది. మూడున్నరకి గల్లీలో అడుగు పెడితే కాలు పిక్కదాకా దిగింది. ఆగి వింటే కింద ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. అర్థమైంది, కానీ నోరు విప్పలేదు. ముందు నడిచే ఆయన అనుభవం ఉన్నవాడు, ఇంత దూరం వచ్చాం, జట్టులో ఆడమనిషిని నేనొక్కదాన్నే, నేనే భయపడ్డానంటారేమో అనిపించింది. ఆరు దాటాక కుడి పక్క గోడమీద ఒక రాయి కింద మంచు అరచేయంత మేర కదిలింది. కిందికి వచ్చేకొద్దీ విప్పిన విసనకర్రలా వెడల్పయింది. మెల్లగానే వచ్చింది, పరుగెత్తి తప్పించుకోవచ్చు అనిపించేంత మెల్లగా. కానీ తడి మంచు బరువు ఏమిటో అది కాలికి చుట్టుకున్నాకే తెలుస్తుంది. మా వాళ్లలో ఒకరిని అరవై మీటర్లు ఈడ్చుకెళ్లి వదిలింది. తొడ ఎముక విరిగింది. ఆయన్ని రోడ్డు దాకా మోసుకురావడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పటికీ ఆయన నడకలో ఆ ఉదయం కనిపిస్తుంది నాకు. అందుకే ఈ ప్రశ్నకి ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను, విసుక్కోవద్దు.

గల్లీ అడుగున నిలబడి ఏం చూడాలో చెబుతాను. నిన్న సాయంత్రం మీరు వేసిన అడుగుజాడలు ఇప్పుడు రాయిలా ఉన్నాయా, తొక్కితే నలుగుతున్నాయా? బూటు ముందు భాగం మాత్రమే దిగితే మంచిది. చీలమండ దాకా దిగితే జాగ్రత్త పడాలి. పిక్కదాకా దిగితే వెనక్కి తిరగాలి, అక్కడ ఇక చర్చ పెట్టకండి. ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కాడను నిలువుగా గుచ్చండి. గట్టి పొర తగిలి ఆగాలి. అడ్డు లేకుండా గొడ్డలి తల దాకా దిగిపోయిందంటే అంత లోతు వరకూ ఎక్కడా గడ్డకట్టలేదు. పైన పల్చటి పెచ్చు, దాని కింద మెత్తన ఉందంటే ఇంకా మోసం. పాల మీద మీగడ చూసి గడ్డపెరుగు అనుకున్నట్టే, ఎండ తగిలిన అరగంటకి ఆ పెచ్చు ఉండదు. గుప్పెడు మంచు తీసి పిండండి. నీళ్లు కారాయంటే సంచి సర్దుకుని టెంటుకి రండి.

తర్వాత తలెత్తి చూడాలి. తల పైన గట్టు అంచున గాలికి పేరుకుని బయటికి వేలాడే మంచు చూరు ఉందా? అది ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. వాలు మీద బంతుల్లా దొర్లిన మంచు ఉండలు, గల్లీ మధ్యలో కాలువలా కోసుకుపోయిన గాడి, మంచు మీద కొత్తగా పడిన రాళ్లు కనిపిస్తే నిన్న ఇక్కడ ఏం జరిగిందో అవే చెబుతాయి. రాత్రి రెండింటికి కూడా రాళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తే పైన రాళ్లను పట్టి ఉంచే మంచు గట్టిపడలేదని అర్థం. ఆ గాడిలో నడవకండి. పైనుంచి వచ్చేదంతా అందులోంచే వస్తుంది. అలాగని గోడకి మరీ ఆనుకుని కూడా పోవద్దు. ఎండకి వేడెక్కిన రాయి పక్కన మంచు లోపల్లోపల కరిగి బోలుగా ఉంటుంది.

కపిలతీర్థం మీకు తెలుసు. గుడి దగ్గర చినుకు లేకపోయినా శేషాచలం పైన గట్టి వాన పడితే అక్కడ జలపాతం దూకుతుంది. 2021 నవంబరు వానలకి అదే కొండల నుంచి దిగిన నీరు మీరు ఎక్కే శ్రీవారి మెట్టు దారిని కోసేస్తే, కొన్ని నెలలు ఆ దారి మూసేశారు. కొండ పైన ఎంతో వెడల్పున పడినదంతా ఒక సన్నని సందులోకి చేరుతుంది. గల్లీ అంటే ఆ సందే, మీరు నిలబడేది అందులో. అందుకే ఎండ మీ మీద పడిందా అని చూసుకోవడం పొరపాటు. మీ తలపైన 400 మీటర్ల ఎత్తున ఉన్న గోడ మీద ఎండ ఎప్పుడు పడుతుందో చూసుకోవాలి. మీరు చీకట్లో చలికి వణుకుతుండగానే పైన కరగడం మొదలవుతుంది.

మీ గల్లీ తూర్పు ముఖం కదా. మే చివర్లో అక్కడ అయిదున్నరకల్లా పై గోడలకి సూర్యుడు తగులుతాడు. ఆ ఎత్తులో మంచు మీద గంటకి 100 నుంచి 150 మీటర్లు ఎక్కితే మంచి వేగమే. 500 మీటర్లకి నాలుగు గంటలు వేసుకోండి. అంటే ఒంటిగంటకి గల్లీ అడుగున ఉండాలి. టెంటులోంచి లేవడం కాదు, గల్లీ అడుగున ఉండాలి. అయిదింటికి ఎక్కడున్నారో చూసుకోండి. ఇంకా సగంలోనే ఉంటే దిగిపోండి. పైకి చేరితే మళ్లీ ఆ గల్లీలోంచే దిగుదామని అనుకోవద్దు. ఎక్కినప్పుడు సిమెంటులా ఉన్నది దిగేటప్పటికి అలా ఉండదు. దిగే దారి వేరేది ముందే చూసి పెట్టుకోండి.

ఇంకో మాట. వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని వాతావరణ శాఖ చెప్పే మబ్బులు మేలో కూడా వచ్చి పైన కొత్త మంచు కురిపిస్తాయి. కురిసిన మర్నాడు ఆకాశం కడిగినట్టుంటుంది, ఫొటోలకి భలే ఉంటుంది. గల్లీకి అదే అన్నిటికంటే చెడ్డ రోజు. కొత్త మంచు మీద మొదటి ఎండ పడినప్పుడు ఆ పొర మొత్తం కదులుతుంది. ఒకటి రెండు రోజులు కరిగి గడ్డకట్టేదాకా ఆగండి.

శ్రీవారి మెట్టు 2,388 మెట్లు 45 నిమిషాల్లో ఎక్కడం మెచ్చుకోదగిన విషయం. ఆ ఊపిరి అక్కడ పనికొస్తుంది, చీకట్లోనే గల్లీ దాటే వేగం ఇస్తుంది. కానీ గట్టి మంచు మీద కాలు జారితే మొదటి సెకనులోనే ఐస్ యాక్స్‌తో ఆగగలగాలి. రెండో సెకనుకి వేగం మీ చేతిలో ఉండదు. కోర్సు చేసి ఏడాదైంది కాబట్టి, వెళ్లిన మొదటి రోజు కింద అపాయం లేని చిన్న వాలు చూసుకుని వెల్లకిలా, బోర్లా, తలకిందులుగా జారి ఆగడం నలుగురూ సాధన చేయండి. హెల్మెట్ టెంటులో వదలొద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. ఒక ట్రెక్కింగ్ కంపెనీతో కలిసి మేలో మంచు శిఖరం ఎక్కడానికి వెళ్తానంటోంది. వద్దంటే వినదు. మాకు ఈ విషయాలేవీ తెలియవు. టెన్షన్‌గా ఉంది. వాళ్లని ఏమని అడగాలి?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీకు మంచు గురించి తెలియనక్కర్లేదు. మూడు ప్రశ్నలడగండి. రాత్రి ఎన్నింటికి బయల్దేరతారు? శిఖరం అందకపోయినా ఎన్నింటికి వెనక్కి తిరుగుతారు? చివరిసారి మీరు శిఖరం ఎక్కకుండా ఎప్పుడు వెనక్కి వచ్చారు, ఎందుకు? మొదటి రెండింటికీ గంటలు చెప్పాలి, "పరిస్థితిని బట్టి" అంటే సరిపోదు. మూడోదానికి "మేం ఎప్పుడూ వెనక్కి రాలేదండీ" అని గర్వంగా చెబితే వేరే వాళ్లని వెతుక్కోమని అమ్మాయికి చెప్పండి.

నాలుగోది మీ చేతిలోదే. మన ఊరి నుంచి వెళ్లేవాళ్లు సంపర్క్ క్రాంతికి తిరుగు టికెట్ బిగించి బుక్ చేసుకుంటారు. ఒక రాత్రి మబ్బు పడితే ఆగడానికి రోజు మిగలదు. రైలు తప్పిపోతుందనే తొందర ఎక్కకూడని ఉదయం ఎక్కిస్తుంది. టికెట్ రెండు రోజులు ఆలస్యంగా తీయండి. ఆ ఖర్చు మీరే పెట్టుకుంటానని చెప్పండి.

మిమ్మల్ని ఊరడించడానికి అబద్ధం చెప్పను. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ దగ్గర ద్రౌపది కా దండా–2 శిఖరం మీద మంచు విరుచుకుపడి, ఇద్దరు గల్లంతైనవారితో కలిపి 29 మందిని కోల్పోయాం. అందరూ శిక్షణ తీసుకుంటున్నవాళ్లు, శిక్షణ ఇస్తున్నవాళ్లు. అదే ఏడాది మేలో ఎవరెస్ట్ ఎక్కిన సవితా కంస్వాల్ కూడా అందులో ఉన్నారు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను. మన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఎగిరి గంతేసినదాన్నీ నేనే. మీ అమ్మాయిని ఆపమని చెప్పలేను. ఒకటి మాత్రం ఆమెకి చెప్పండి: అడుగు పిక్కదాకా దిగితే, జట్టులో ఎంత చిన్నదైనా సరే, నోరు విప్పి చెప్పాలి. అందరికంటే ముందు తనే చెప్పాలి. నేను చెప్పలేదు.

ప్రశ్న: మంచు మీదకి ప్రత్యేకంగా కళ్లజోడు కొనాలా? మామూలు కూలింగ్ గ్లాసులు చాలవా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: చాలవు. కొత్త మంచు తన మీద పడే వెలుగులో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది. కింది నుంచి, పక్కల నుంచి కూడా కంటికి తగులుతుంది. పక్కలు మూసి ఉండే, అతినీలలోహిత కిరణాలను ఆపే ముదురు అద్దాలే కావాలి. మబ్బుగా ఉన్నా తీయకూడదు. కన్ను దెబ్బతిన్న సంగతి అప్పుడే తెలియదు. కొన్ని గంటల తర్వాత, టెంటులో పడుకున్నాక, కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. జట్టుకి ఒక జత అదనంగా ఉంచుకోండి. అదీ విరిగితే బిస్కెట్ అట్టపెట్టె చింపి, కళ్ల దగ్గర సన్నగా అడ్డంగా చీల్చి, తాడుతో తలకి కట్టుకోండి. ఒకసారి నేను అలాగే బేస్ క్యాంపు దాకా దిగి వచ్చాను.