యూట్యూబ్‌లో అన్నీ ఉండగా కెర్నిఘన్, రిచీలు సి ప్రోగ్రామింగ్ భాష మీద రాసిన పుస్తకం ఇంకా చదవాలా?

చదవాలి. వీడియోలు చాలవా అని అడిగారు, నాకైతే చాలలేదు.

మాది సింగరాయకొండ. ఒంగోలు దగ్గర ఒక కాలేజీలో బీటెక్ చేశాను. ల్యాబ్‌లో టర్బో సి, అంటే సి ప్రోగ్రామ్‌లు రాసి నడిపే పాత సాఫ్ట్‌వేర్. సీనియర్ల రికార్డు చూసి రాయడం, సంతకం పెట్టించుకోవడం, అదే చదువు. ఫైల్ కాపీ చేసే ప్రోగ్రామ్ కూడా అలాగే ఎక్కించాను.

సెలవుల్లో బావకి చూపిద్దామని అదే ప్రోగ్రామ్‌తో అక్క పెళ్లి ఫొటో కాపీ చేశాను. టెక్స్ట్ ఫైళ్లన్నీ చక్కగా వచ్చేవి. ఫొటో మాత్రం సున్నా బైట్లు! ఇంకోటి చేశాను, అదీ సున్నా. బైనరీ మోడ్‌లోనే, అంటే బైట్లు ఏవీ మారకుండా చదివే పద్ధతిలోనే తెరిచాను మరి. రాత్రి రెండు దాకా టెన్షన్. చివరికి చెన్నై సెంట్రల్ దగ్గర పాత పుస్తకాల కొట్లో కొని, తెరవకుండా పడేసిన ఈ పుస్తకం తీశాను. మొదటి అధ్యాయంలోనే ఉంది జవాబు. చదివిన అక్షరాన్ని చార్ అనే చిన్న రకం వేరియబుల్‌లో కాదు, ఇంట్ అనే పెద్ద రకంలో పెట్టాలట. అన్ని అక్షరాలతో పాటు, ఫైల్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ కూడా అందులో పట్టాలి కదా. జేపెగ్ ఫొటో మొదటి బైట్ ఎప్పుడూ 255. నా చార్‌లో మైనస్ 128 నుంచి 127 దాకానే పడతాయి, అందుకే అందులో పడేసరికి అది మైనస్ 1 అయింది. ఈఓఎఫ్ కూడా మైనస్ 1. మొదటి బైట్ దగ్గరే ఫైల్ అయిపోయిందనుకుని ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఒక్క పదం మార్చగానే అక్కా బావా తెర మీదికి వచ్చారు.

ఆ తప్పు ప్రోగ్రామ్ ఎన్ని బ్యాచ్‌ల రికార్డుల్లో ఉందో! అన్నిటికీ సంతకాలు పడ్డాయి. ఒక్కరైనా దాన్ని ఫొటో మీద నడిపి చూడలేదని నాకు ఇప్పటికీ బాధే.

1988లో వచ్చిన రెండో ఎడిషనే కొనండి, 300 పేజీలు కూడా ఉండదు. వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, అభ్యాసాలు చేస్తేనే మన సంగతి తెలుస్తుంది. పాయింటర్ల (మెమరీ చిరునామాలు దాచే వేరియబుళ్ల) అధ్యాయం ఒక్కటే నాకు ఇరవై రోజులు పట్టింది. కనూత్ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ సంపుటాల జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొదటిది 1968లో వచ్చింది, గొప్పదే, కానీ లెక్కలు గట్టిగా వచ్చాక.

పాత పుస్తకం కాబట్టి రెండు చిక్కులున్నాయి. అందులో ఒక లైను చదివే గెట్‌లైన్ ఫంక్షన్‌ని లినక్స్‌లో అదే పేరుతో రాస్తే కంపైలర్ (ప్రోగ్రామ్‌ని యంత్ర భాషలోకి మార్చేది) ఒప్పుకోదు, ఆ పేరు లైబ్రరీలో ఇప్పటికే ఉంది. పేరు మార్చుకోండి. లైను ఎంత పొడవున్నా హద్దు చూడకుండా చదివేసే గెట్స్ ఫంక్షన్ అసలు వాడకండి, సి భాష 2011 ప్రమాణంలో దాన్ని తీసేశారు.

ముందు అభ్యాసం 1-9 చేయండి. వరుసగా ఉన్న ఖాళీలను ఒక్క ఖాళీగా మార్చి కాపీ చేయాలి. నెట్‌లో జవాబు చూడకుండా చేయండి.