గ్లైడర్ డిజైన్ చేయాలని ఉంది, ఏ బ్రాంచ్ తీసుకోవాలి?

ప్రశ్న: ఇంజినీరింగ్‌లో చేరబోతున్నాను. ఒక్కరే కూర్చునే గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) డిజైన్ చేయాలని నా కోరిక. ఏరోనాటికల్ అంటే ఉద్యోగాలు రావని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. మెకానికల్ చదివి ఇటు రావచ్చా?

జవాబు: నిక్షేపంగా రావచ్చు. మంచి మెకానికల్ సీటు వదులుకుని, ల్యాబులు కూడా సరిగా లేని చోట ఏరోనాటికల్‌లో చేరమని నేనైతే చెప్పను. మీ ఇంట్లోవాళ్ల భయం ఉత్తదేమీ కాదు. గ్లైడర్లు తయారుచేసే సంస్థలు ప్రపంచం మొత్తంలోనే కొద్ది. అయితే ఇందులో నేర్చుకునే కాంపోజిట్ల (ఫైబర్‌ను రెజిన్‌తో కలిపి చేసే పదార్థాల) పని, రెక్క మీద పడే లోడ్ల లెక్కలు డ్రోన్లకూ, గాలిమరల బ్లేడ్లకూ అక్కరకొస్తాయి.

ఒకటే సీటు కదా, సులువనుకోకండి. రెక్క పొడవుగా, సన్నగా ఉంటే ఇండ్యూస్డ్ డ్రాగ్ (పైకి లేపే బలంతో పాటే పుట్టే గాలి నిరోధం) తగ్గుతుంది. కానీ పలచటి రెక్కలో స్పార్‌కు (రెక్క లోపలి ప్రధాన దూలానికి) కావలసినంత ఎత్తు దొరకదు. రెక్క ఎక్కువగా వంగుతుంది, వేగం పెరిగితే ఫ్లట్టర్ (రెక్క అదుపు తప్పి కంపించడం) భయం. కార్బన్ ఫైబర్ వాడితే బిగువు వస్తుంది, ఖర్చూ పెరుగుతుంది. ఇక పైలట్ సంగతి. సన్నగా ఉన్నవాడు కూర్చున్నా, లావుగా ఉన్నవాడు కూర్చున్నా గురుత్వ కేంద్రం హద్దు దాటకూడదు. గ్లైడర్ మొత్తం బరువులో మనిషి వాటా పెద్దదే, పైగా సీటు రెక్కకు ముందుంటుంది. తోక ఎంత ఉండాలో తేలేది ఈ లెక్కలోనే. కొత్తవాళ్లు రెక్క ఆకారం మీద నెలలు గడిపి, దీన్ని చివరికి వదిలేస్తుంటారు.

అందుకే పోటీ గ్లైడర్లను కాకుండా వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టిన పీడబ్ల్యూ-5 అనే గ్లైడర్‌ను ముందు చదవండి. రెక్కలు కొస నుంచి కొసకు 13.44 మీటర్లు. కిలోమీటరు ఎత్తు నుంచి నిశ్చలమైన గాలిలో సుమారు 32 కిలోమీటర్లు వెళ్తుంది. 15 మీటర్ల పోటీ గ్లైడర్లు 45 దాటుతాయి, నిజమే. కానీ తక్కువ ఖర్చులో తయారవ్వాలన్నది పీడబ్ల్యూ-5కి పెట్టిన షరతు. ఎక్కడ రాజీపడ్డారో అందులో తేటగా కనిపిస్తుంది.

మొదటి ఏడాది స్టాటిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ గట్టిగా చదవండి. ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5 అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో రెక్క విశ్లేషణ మొదలుపెట్టండి. తర్వాత స్నేహితులతో కలిసి ఒక మీటరు రెక్క ముక్క చేసి, ఇసుక బస్తాలు పేర్చి విరగ్గొట్టండి. మీ లెక్క చెప్పిన బరువు దగ్గరే విరిగిందా, ముందే విరిగిందా, ఎందుకు? ఆ రిపోర్టుకు ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే ఎక్కువ విలువ ఉంటుంది. సొంతంగా కట్టినదాంట్లో ఎగరాలని మాత్రం చూడొద్దు.

పీజీకి జర్మనీ వైపు చూడండి. అక్కడ ఆకాఫ్లీగ్ అనే విద్యార్థి బృందాలు తామే గ్లైడర్లు గీసి, కట్టి, ఎగరేస్తాయి. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన మొదటి గ్లైడర్, 1957లో ఎగిరిన ఫీనిక్స్, స్టుట్‌గార్ట్ బృందం నుంచే వచ్చింది. జర్మన్ భాష ఇప్పటి నుంచే మొదలుపెట్టండి, వర్క్‌షాప్‌లో మాటలన్నీ అందులోనే నడుస్తాయి.