కేస్ షీటు మాది, ఇవ్వం అంటున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న: మాది సింగరాయకొండ. అమ్మకు పెన్సిలిన్ పడదని నెల్లూరు ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చేటప్పుడే చెప్పాం. అయినా ఒక ఇంజెక్షన్ చేశాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఊపిరాడక ఐసీయూలో పెట్టారు. ఇప్పుడు బాగుంది. కేస్ షీటు అడిగితే డిశ్చార్జి సమ్మరీ చాలంటున్నారు. మాకు హక్కు లేదా? కేసు కోసం నెల్లూరు తిరగాలా?

జవాబు: ఒరిజినల్ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. నకలు తీసుకునే హక్కు మాత్రం మీ అమ్మగారిదే. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరినవారి రికార్డులు 3 ఏళ్లు ఉంచాలి. రోగి గానీ, ఆమె తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

నోటితో అడగడం ఇక మానండి. అమ్మగారి సంతకంతో అర్జీ పెట్టండి. అందులో 'రికార్డులు' అని ఊరుకుంటే మళ్లీ సమ్మరీయే చేతిలో పెడతారు. అడ్మిషన్ నోట్సు, డాక్టర్ల రోజువారీ నోట్సు, నర్సుల నోట్సు, మందుల చార్టు, ఐసీయూ చార్టు, ల్యాబ్ రిపోర్టులు, ఫార్మసీ బిల్లులు అని పేరుపేరునా రాయండి. మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. వాళ్లు అర్జీ తీసుకోం అంటే, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపండి.

కాగితాలు చేతికొచ్చాక ముందు రెండు చూడండి: అడ్మిషన్ నోట్సులో అలర్జీ గురించి ఏం రాశారు, మందుల చార్టులో ఆ పూట ఏ ఇంజెక్షన్ ఎవరు చేశారు. మందు పేరు పెన్సిలిన్ అనే ఉండక్కర్లేదు. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, పిపరాసిలిన్ అన్నీ ఆ కుటుంబానివే, పొరపాట్లు జరిగేది ఎక్కువగా ఇక్కడే. అలర్జీ ఉందని రాసుకుని కూడా ఆ మందే ఇచ్చి ఉంటే మీ కేసు గట్టిది. అసలు రాసుకోకపోతే కష్టమే గానీ, పాత ప్రిస్క్రిప్షన్లు, మీరు చెప్పినప్పుడు పక్కనున్నవారి అఫిడవిట్లు పనికొస్తాయి. తెలియని అలర్జీ మొదటిసారి బయటపడితే అది నిర్లక్ష్యం కాదు. మీరు ముందే చెప్పారు కాబట్టి మీ విషయం వేరు.

నెల్లూరు తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోటే కేసు వేయొచ్చు, అంటే మీకు ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఆసుపత్రికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. పరిహారం ఎంత అడిగారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. గడువు 2 ఏళ్లు, ఆసుపత్రివాళ్లు మాటల్లో పెట్టినా దాన్ని దాటనివ్వకండి. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని, హైదరాబాద్‌లో మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసు కేసుకు మాత్రం తీవ్రమైన నిర్లక్ష్యం చూపాలి. 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అది అంత తేలిక కాదు, దాని వెంట పడొద్దనే నా సలహా.

రాజీ కింద బిల్లు కొంత తిరిగిస్తామంటే, 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న వాక్యం ఉందేమో చదవకుండా సంతకం పెట్టొద్దు.

అమ్మగారి భద్రత ఈ కేసు కన్నా ముఖ్యం. రియాక్షన్ తెచ్చిన మందు పేరు, తేదీ, ఏమైందన్నది డాక్టరుతో రాయించి, ఆధార్ కార్డుతో పాటు ఎప్పుడూ దగ్గర ఉంచండి. ఈసారి ఎక్కడ చేర్చినా కేస్ షీటు మీద ఆ మాట రాసేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలొద్దు. ప్రతి కొత్త ఇంజెక్షన్‌కూ ముందు మందు పేరు పైకి చదివి చెప్పమని నర్సును అడగండి.