బాస్ అరిస్తే ఉద్యోగి దిగమింగుకున్న కోపం ఎటు పోతుంది?

ఎటూ పోదు, దారి మళ్లుతుంది: అరిచిన మనిషిని వదిలేసి పని మీదకో, తోటివాళ్ల మీదకో, ఇంటివాళ్ల మీదకో వెళ్తుంది.

అవమానం జరగగానే కోపం, భయం రెండూ పుడతాయి. ఏది గెలుస్తుందో ఎదుటి మనిషి హోదాను బట్టి ఉంటుంది. పక్క సీటు వ్యక్తి అరిస్తే మనమూ అరుస్తాం. సెలవు, ఇంక్రిమెంట్ చేతిలో ఉన్నవాళ్లు అరిస్తే నోరు మూతపడుతుంది. లోపలి కోపం మాత్రం చల్లారదు. 'అత్త మీద కోపం దుత్త మీద' అని మనవాళ్లు ఏనాడో అన్న ఈ సంగతినే 1939లో యేల్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ సిద్ధాంతంలో భాగంగా వివరించారు.

కాల్ సెంటర్ చూడండి. కస్టమర్ బూతులు తిట్టినా ఏజెంట్ 'సారీ సర్' అనాల్సిందే, కాల్ రికార్డవుతుంది కదా. ఆ తర్వాత కావాలనే ఎక్కువసేపు హోల్డ్‌లో పెట్టడం, పొరపాటున కట్ అయినట్టు లైన్ తెంచేయడం జరుగుతుంటాయి. పైకి ఎవరికీ దొరకని ప్రతీకారం ఇది. కొందరు అదీ చేయరు. నిద్ర పట్టక, ఆదివారం సాయంత్రానికే టెన్షన్ మొదలై, చివరకు సెలవులు పెడతారు.

మాట్లాడకుండా ఉన్నారంటే పట్టించుకోలేదని చాలామంది అనుకుంటారు. పొరపాటు. అరిస్తే పని జరుగుతుందన్న నమ్మకమూ సగమే నిజం. ఆ పూట చేతులు వేగంగా కదులుతాయి. కానీ తిట్లు తిన్నవాళ్లు అదనపు సాయం మానేస్తారు, తప్పు కనిపించినా పైకి చెప్పరు.