మీరు అడిగారు: ‘నా భార్య’ అన్నానని జనం నవ్వారు

ఎండాకాలం దగ్గరపడుతోందంటే నా పేరున వచ్చే ఉత్తరాల్లో సగం తర్జుమా గురించే ఉంటాయి. పాతికేళ్ళు వేసవి మిషన్ ట్రిప్పుల్లో, అంటే చర్చి బృందాల సేవా పర్యటనల్లో, విదేశీ బోధకుల పక్కన నిలబడి వాళ్ళ మాటల్ని తెలుగులో చెప్పి, మోకాళ్ళు ఒప్పుకోక మానేసినదాన్ని. ఈసారి మూడు ఉత్తరాలు తీశాను.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వేసవిలో మా సంఘానికి విదేశీ బృందం పది రోజులు వస్తోంది. పాస్టరు గారు నన్ను తర్జుమా చేయమన్నారు. ఇంగ్లీషు బాగానే వచ్చు, స్టేజీ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. పోయినేడు ఒక సిస్టర్, బోధకుడి మాటల్ని చెబుతూ ‘నా భార్య’ అనేసరికి అందరూ నవ్వారు. నేను ‘ఆయన భార్య’ అందామనుకుంటున్నాను. ఎలా సిద్ధపడాలి?

జవాబు: ముందు ఆ నవ్వు సంగతి. ఆ సిస్టర్ చెప్పిందే సరైన పద్ధతమ్మా. వేదిక మీద ఉన్నంతసేపూ ‘నేను’ అంటే బోధకుడే, మీరు కాదు. ‘ఆయన తన భార్యతో అన్నారట’ అని మొదలుపెట్టారంటే రెండు నిమిషాల్లో ఆయనెవరో, తనెవరో, ఎవరు ఎవరితో అన్నారో ఎవరికీ అంతుపట్టదు. ఈ విషయంలో తెలుగు మనకి మేలే చేసింది. ‘వచ్చాను’, ‘ఏడ్చాను’ అంటే ఆడో మగో తెలియదు. చిక్కల్లా ‘నా భార్య’ దగ్గరే. నా మొదటి సభలో నాకూ ఇదే అయింది. జనం మొదటిసారి గట్టిగా నవ్వారు, రెండోసారి ముసిముసిగా నవ్వారు, మూడోసారికి నేనక్కడ ఉన్నానన్న సంగతే మర్చిపోయారు. మీరూ వాళ్ళతోపాటు ఓసారి నవ్వేసి ముందుకెళ్ళండి, సంజాయిషీ ఇవ్వకండి.

సిద్ధపడటమంటే ఇంగ్లీషు నిఘంటువు బట్టీపట్టడం అనుకుంటారు. నన్ను మాత్రం తడబెట్టింది తెలుగే. ఇంగ్లీషులో ‘వుయ్’ ఒక్కటే. మనకి ‘మేము’ ఉంది, ‘మనం’ ఉంది. బోధకుడు జనాన్ని చూస్తూ ‘వుయ్ ఆర్ సిన్నర్స్’ అంటే అది ‘మనం పాపులం’. అదే మాట కళ్ళు మూసుకుని ప్రార్థనలో అంటే ‘మేము పాపులం’ అవ్వాలి. నేను కుర్రతనంలో ఒక వారమంతా ‘ప్రభువా, మనల్ని క్షమించు’ అంటూ ప్రార్థనలు తర్జుమా చేశాను. ఆఖరి రోజున ఒక పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, ‘దేవుణ్ణి కూడా క్షమించమంటున్నావేంటమ్మా?’ అంది. ‘యూ’ సంగతీ అంతే. నువ్వా, మీరా అన్నది బోధకుడు చెప్పడు, మీరే తేల్చుకోవాలి. ముసలాయన వైపు చూస్తూ ‘యూ’ అన్నప్పుడు మీ నోట ‘నువ్వు’ వచ్చిందో, మర్యాద పోయింది బోధకుడిదే. పాపం, ఆయనకి ఆ సంగతి కూడా తెలియదు.

మన క్రియ వాక్యం చివర్లో వస్తుంది. ‘నిన్న సాయంత్రం ఆ పిల్లవాణ్ణి’ దగ్గర ఆపి ఎదురుచూడలేరు కదా. అందుకని సభకి ముందే బోధకుడి దగ్గర కూర్చుని, మాట మధ్యలో కాకుండా వాక్యం పూర్తయ్యాక ఆగమని అడగండి. ఆ రోజు చదివే వచనాలన్నీ ముందే రాసి ఇమ్మని, తెలుగు బైబిల్లో కాగితాలు పెట్టుకోండి. వచనాన్ని సొంతంగా తర్జుమా చేయకండి. అది కంఠతా వచ్చినవాళ్ళు ఎదురుగా ఉంటారు, మీరు ఒక్క మాట మార్చినా వాళ్ళ పెదాలు మీతో కలవవు. హాస్యోక్తులుంటే అవీ ముందే అడగండి. పదాల మీద ఆడే జోకు తెలుగులోకి రాదు, వద్దని మొహమాటం లేకుండా చెప్పండి. అంకెలు మాత్రం కాగితం మీద రాసుకోండి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. నిలబడి ఉన్నప్పుడు ఈ లెక్క ఎంత తేలిగ్గా తప్పుతుందో నాకు తెలుసు.

ఎదుట ఎవరున్నారన్నది కూడా చూసుకోవాలి. బాప్తిస్మం అనేవాళ్ళున్నారు, అదే సంగతిని జ్ఞానస్నానం అనే కథోలికులున్నారు. ‘రక్షించబడ్డావా?’ అన్న మాట సంఘంలో పెరిగినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. అసలు చర్చి గడప తొక్కని పిల్లవాణ్ణి అడిగితే ‘ఎవరి నుంచి?’ అని ఎదురు ప్రశ్నిస్తాడు. ఒకడు నన్నే అడిగాడు.

వినేవాళ్ళకి ఇంగ్లీషు రాదులే అని మాత్రం ధీమా పడకండి. ఆదికాండం 42వ అధ్యాయం 23వ వచనం చూడండి. యోసేపు తన అన్నలతో దుబాసీని పెట్టుకుని మాట్లాడతాడు, కానీ వాళ్ళ మాటలన్నీ అతనికి అర్థమవుతూనే ఉంటాయి. ప్రతి సభలోనూ వెనక వరసలో అలాంటి యోసేపు ఒకరు ఉంటారు.

ఇంకొకటి. పెద్ద సభల్లో వృత్తిగా ఈ పని చేసేవాళ్ళు సుమారు అరగంటకోసారి మనిషిని మారుస్తారు. మిమ్మల్ని రోజుకి ఆరు గంటలు ఒక్కదాన్నే నిలబెడతామంటే, రెండో మనిషి కావాలని పాస్టరు గారిని ఇప్పుడే అడగండి.

ప్రశ్న: స్వస్థత ప్రార్థనల దగ్గర తర్జుమా చేశాను. వచ్చిన అతిథి ఒక పెద్దావిడ తల మీద చెయ్యి పెట్టి, ఆమెకి షుగరు పోయిందని, ఇక మందులు అక్కర్లేదని చెప్పారు. నేను మొదటి మాట చెప్పి రెండోది మింగేశాను. ‘అంతా చెప్పావా?’ అని ఆయన అడిగితే ‘చెప్పాను’ అన్నాను. అప్పటినుంచి మనసు బాగోలేదు. నేను చేసింది పాపమా?

జవాబు: మీరు మింగిన మాటకి నేను మిమ్మల్ని ఒక్క మాట అనను. ఇన్సులిన్ తప్పనిసరైన మనిషి అది ఆపేస్తే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాట నా నోటి నుంచీ వచ్చేది కాదు. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది, నాకు తోచినంతవరకు, ‘చెప్పాను’ అన్న ఆ ఒక్క ముక్క.

ఎందుకంటే ఇప్పుడు అక్కడ జరిగింది ఏమిటో మీకొక్కరికే తెలుసు. తన మాట చేరిందనే ఆయన అనుకుంటున్నారు. ఆమెకి ఆ మాట ఉందనే తెలియదు. రేపు ఇంకో సభలో ఆయన అదే మాట అంటారు, పక్కన మీలా జంకే మనిషి ఉంటారన్న నమ్మకం లేదు. మనం చెప్పలేనిది వచ్చినప్పుడు గుట్టుగా దాటేయకూడదు. బోధకుడి వైపు తిరిగి, మెల్లగా, ఆయన భాషలోనే చెప్పాలి: ‘ఈ మాట నేను చెప్పలేనండీ. మందులు డాక్టరు గారు ఆపమంటేనే ఆపాలి.’ చాలామంది సర్దుకుంటారు. పట్టుబట్టేవాళ్ళూ ఉంటారు. అప్పుడు పక్కకి జరిగి బృందం నాయకుణ్ణి పిలవండి. సభ ఒక్క నిమిషం ఆగుతుంది, ఆగనివ్వండి.

నేనూ నీతిమంతురాలినేమీ కాదు. నేను చేసింది మీకు తలకిందులు. ఒక ఏడాది వచ్చిన బోధకుడు మరీ చప్పగా మాట్లాడుతున్నాడని, జాలిపడి మధ్యలో నా సొంత పిట్టకథ ఒకటి కలిపాను. జనం కళ్ళు తుడుచుకున్నారు. మర్నాడు ఉదయం నలుగురు ఆయన దగ్గరికొచ్చి ఆ కథలో తల్లి తర్వాత ఏమైందని అడిగారు. వాళ్ళ ప్రశ్న ఆయనకి తర్జుమా చేయాల్సినదాన్ని కూడా నేనే. మొత్తం ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘మిగతా రోజుల్లో నేను నిజంగా ఏం చెప్పానో కూడా చెప్పండి’ అన్నారు. ఇప్పటికీ ఆ మాట చెవిలో ఉంది.

కాబట్టి మీరు ఇప్పుడు రెండు పనులు చేయండి. మొదటిది వెంటనే: సంఘంలో ఆ పెద్దావిడకి చనువైనవాళ్ళెవరినైనా పంపి, మందులు వాడుతోందో లేదో కనుక్కోండి. చేతి సైగలని బట్టో, పక్కవాళ్ళు చెప్పో ఆమెకి ఆ మాట చేరే ఉండొచ్చు. రెండోది, ఆ అతిథికి నాలుగు వాక్యాల ఉత్తరం. ఏ మాట వదిలేశారో, ఎందుకు వదిలేశారో, అడిగినప్పుడు అబద్ధం చెప్పినందుకు క్షమించమని రాయండి. వదిలేసినందుకు క్షమాపణ అక్కర్లేదు. పాపమా కాదా అన్నది మీ పాస్టరు గారిని అడగండి, నా దగ్గర ఉన్నది తర్జుమా అనుభవమే.

ప్రశ్న: వైద్య శిబిరంలో డాక్టరు పక్కన కూర్చుని తర్జుమా చేయబోతున్నాను, అక్కా. ఆ రోగుల కోసం సంఘంలో పేరుపేరునా ప్రార్థన చేయించవచ్చా? పోయినసారి ఒక డాక్టరు గారు ఆగకుండా మాట్లాడేవారు, అదీ కష్టమైంది.

జవాబు: పేర్లు వద్దు తమ్ముడూ. గుడారంలో విన్నది గుడారంలోనే ఉండాలి. ప్రార్థన మనవి రూపంలో ఊరంతా తిరిగిన రోగాలు నేను చాలా చూశాను. దేవుడికి పేర్లు తెలుసు, మీరు ‘ఒక తల్లి’ అంటే చాలు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు కదా అని వాళ్ళ చేత తల్లిదండ్రుల జబ్బులు తర్జుమా చేయించకండి.

రోగి ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అంటే అర్థం చెప్పండి, మాటకి మాట పెడితే డాక్టరు కళ్ళద్దాలు రాసిస్తాడు. ‘గుండెల్లో మంట’ దగ్గర మాత్రం గ్యాసని మీరు తేల్చేయకండి. ఛాతీలో మంట అంటున్నారని చెప్పి, మిగతాది డాక్టరునే అడగనివ్వండి.

ఆగని మనిషి సంగతంటారా, 1945లో నాజీ నాయకుల మీద మొదలైన న్యూరెంబర్గ్ విచారణలో నాలుగు భాషల్లోకి అప్పటికప్పుడు చెబుతుంటే, మాట్లాడేవాళ్ళ ముందు దీపాలు పెట్టారు. పసుపు వెలిగితే నెమ్మదించాలి, ఎరుపు వెలిగితే ఆగాలి. మీకు దీపాలక్కర్లేదు. బల్ల మీద చెయ్యి పెడితే ఆగాలని డాక్టరు గారితో ముందే అనుకోండి. నేనైతే బోధకుడి చొక్కా చేతిని మెల్లగా లాగేదాన్ని. ఒకాయన చివరికి పొట్టి చేతుల చొక్కాలు వేసుకురావడం మొదలుపెట్టాడు.